పన్నెండు మంది సందు

ఊళ్ళో వీధుల పేర్ల మీద పుస్తకం రాస్తున్న ఆఫీసరు, గడ్డం గీయించుకుంటూ తను రాసుకున్నది చదివి వినిపించాడు. "పన్నెండు మంది సందు: పూర్వం ఇక్కడ పన్నెండు కుటుంబాలు కలిసిమెలిసి ఉండేవి."

సెలూను పెద్దాయనకి ఒళ్ళు మండిపోయింది. కత్తి ఆఫీసరు గొంతు మీదే ఆగింది.

"కుటుంబాలు కాదు సార్, శవాలు. మిషన్లో చెయ్యి నలిగిపోయినవాడి కోసం కూలీలు పని ఆపారని, మిల్లువాళ్ళు ఈ సందు రెండు గేట్లకీ తాళాలేయించి, పన్నెండు మందిని ఇనప కడ్డీలతో తలలు పగలగొట్టి చంపారు. కదలకండి, తెగుతుంది."

ఆఫీసరు గుటక కూడా మింగలేదు. "తాళాలు వేసిందెవరు?"

"మిల్లు కాపలావాడు. మర్నాడు ఆ పన్నెండు మంది పెళ్ళాలూ వాణ్ణి ఇదే అరుగు మీదికి ఈడ్చుకొచ్చి, అదే తాళంతో మొహం ఆనవాలు లేకుండా చితక్కొట్టి చంపారు."

"అయితే చచ్చింది పదమూడు మంది. పేరే తప్పన్నమాట."

పెద్దాయన కత్తికంటిన నురగ తుడిచాడు.

"తప్పేం లేదు. వాడు మా తాత. మా ఇంట్లోనే వాణ్ణి లెక్కలో వెయ్యం. మీరు పన్నెండనే రాయండి."