ముప్పయ్యొక్క చీటీల కొమ్మ

నోరు తెరవని మొరను సైతం ఆలకించే తండ్రీ, నీ పాదములకు మ్రొక్కి ఈ కథ మొదలుపెడుతున్నాను. నా కోపమును తీసివేయకుము. అది అబద్ధమాడకుండ మాత్రము కాపాడుము.

జొన్నరొట్టె తట్టినప్పుడల్లా నా కుడి మణికట్టు కలుక్కుమంటుంది. ఆ శనివారం ఉదయమూ అంతే. రొట్టెకూ రొట్టెకూ నడుమ నేను చీటీలు చదువుతుంటే, కోడలు షెకినా కంప్యూటరులోకి ఎక్కిస్తున్నది. బీదరు, బగ్దల్, నిర్ణా చర్చి సంఘాల స్త్రీలు ఊరి పేరు తప్ప తమ పేరు రాయకుండా పెట్టెలో వేసిన ప్రార్థన చీటీలవి. ఏడాదివి, మూడు వందలకు పైగా. మరునాడు ఆరాధనలో నేను చదవాలి, నా భర్త సుందరం పాస్టరుగారు ప్రార్థించాలి. ఇరవై ఏళ్లుగా ఆయన ప్రతి చీటీలో మొదటి వరుస చూసి, మడిచి, ఒంట్లో బాగులేనివి తబియత్, మిగిలినవి పంట, పెండ్లి అని కట్టలు కట్టేవారు. "పాస్టరమ్మకు గొంతుండాలె గని నోరుండొద్దు" అని నలుగురిలో నవ్వేవారు. ఆ గొంతుకు పద్యం నేర్పిన మా నాన్న ఆ మాట వినకుండానే పోయారు.

షెకినా రాసిన కోడ్ చీటీని మడవదు, చివరిదాకా చదువుతుంది. మొదట ప్రతి చీటీ ఒంటరిది. మాటలు అతి దగ్గరగా ఉన్న రెండింటిని అది కలుపుతుంది. ఆ జంటను దగ్గరలోని మరో జంటతో. అలా అన్నీ ఒకే మానుకు చేరేదాకా. తెర మీద ఆ చెట్టు తలకిందులుగా వేలాడింది.

"అత్తమ్మా, గిది చూడుండ్రి. ముప్పయ్యొక్క చీటీలు ఒక్క కొమ్మకే వచ్చినయి. నేనైతే పేరేం పెట్టలే."

మెట్ల మీద జారిపడ్డాను. తలుపు తగిలింది. బావి దగ్గర కాలు మడతపడింది. ఇవి మొదటి వరుసలు. రెండవ వరుస మాత్రం కాస్త అటూ ఇటూగా అన్నింటా ఒకటే: ఆయన కోపం చల్లార్చు తండ్రీ. ఒకరినొకరు ఎరుగని స్త్రీలు, మూడు ఊళ్లలో, ఒకే వాక్యం రాశారు.

వాటిలో ఒకటి ఎడమచేతి వంకర రాత. దాన్ని కట్ట అడుగుకు తోశాను. షెకినా తెర వదిలి నా మణికట్టు వైపు చూసింది.

ఆయన టీ కప్పుతో వచ్చి తొంగిచూశారు. "అన్ని పడ్డయే కదా, దయా. తబియత్ల వెయ్యి. అందరికి కలిపి ఒక్క ప్రార్థన సాలు."

"రెండో వరుస సదువుండ్రి," అన్నాను.

"గంత టైమెక్కడిది? రొట్టె మాడుతాంది, గది చూస్కో."

రొట్టె మాడనిచ్చాను. రెండవ వరుస ఆయనకు కనబడక కాదు. కనబడే చోటనే మడిచారు. ఇరవై ఏళ్లు ఆ కట్టలకు దారం తెచ్చి ఇచ్చింది నేను.

ఆదివారం లేచి నిలబడ్డాను. ఊళ్ల పేర్లు విడిచి, ముప్పయ్యొక్క చీటీలనూ రెండవ వరుసతో సహా ఒక్కొక్కటిగా చదివాను. పది దాటేసరికి పురుషుల వైపు దగ్గులు మొదలైనవి. "ఇగ సాలు దయా" అని ఆయన గొణిగారు. స్త్రీల వైపు చంటిపిల్లలు కూడా ఏడవలేదు. చివరిదైన ఆ వంకర రాత చీటీని కుడిచేత పైకెత్తాను.

"ఇది నా రాత. ఇందులోని 'ఆయన' నా పక్కన నిలబడి ఉన్నారు."

ఈ కథ విన్న ప్రతి ఇంటికి శాంతి సమాధానములు కలుగును గాక. రెండవ వరుస రాయవలసిన దినము ఏ స్త్రీకీ రాకుండును గాక. రాసినచో, చివరిదాకా చదివేవారు ఆమెకు దొరుకుదురు గాక.