నాలుగు దరువుల ఖాళీ

షికాగో దక్షిణాన, మా ఇంటి కింద గదిలో పాటలు రికార్డు చేస్తాను. రెండు వీధుల కుర్రాళ్లూ నా దగ్గరికే వస్తారు గానీ, ఒకరికొకరు ఎదురుపడనివ్వను. సోమ, బుధవారాలు టవారిస్ వాళ్లవి, మంగళ, గురువారాలు కియాన్ వాళ్లవి. డ్రిల్ అనే ఈ కయ్యపు ర్యాప్ పాడేవాళ్లు చనిపోయిన స్నేహితుడి పేరునే వీధికి పెట్టుకుని, ప్రతి పాటలో ఆ పేరు మోస్తారు. ఎదుటివాళ్లు సరిగ్గా ఆ పేరుమీదే ఉమ్మేస్తారు.

టవారిస్ వీధికి రెమీ పేరు. నిరుడు కియాన్ తన పాటలో రెమీ చావును వెక్కిరించాడు. ఈ జనవరిలో కియాన్ తమ్ముడు మార్సెల్ ఉబ్బసంతో పోయాడు. ఇక టవారిస్ నోట ఆ పేరు ఎప్పుడు పడుతుందా అని వీధంతా కాచుక్కూర్చుంది.

బుధవారం మధ్యాహ్నం టవారిస్ వచ్చాడు. వెంట డెమెట్రి, రెమీ సొంత అన్న.

"మార్సెల్ గాడి పేరు పడాల్రా. పడకపోతే నువ్వు మావాడివి కావు" అన్నాడు డెమెట్రి.

తల్లి పోయాక టవారిస్ పెరిగింది డెమెట్రి ఇంట్లోనే, వాళ్లమ్మనే అమ్మా అని పిలుస్తూ. ఆ గుమ్మం మూసుకుంటే వాడికి ఇంకో దిక్కు లేదు.

టవారిస్ మైకు గది అద్దం వెనక నిలబడి పాట అందుకున్నాడు. అబ్బ, ఏం నోరండీ వాడిది! కియాన్ బూట్ల దగ్గర్నుంచి బడాయిల దాకా ఉతికి ఆరేశాడు. పేరు రావాల్సిన చోట మాత్రం నోరు మూసుకున్నాడు. నాలుగు దరువులు ఖాళీగా వెళ్లిపోయాయి. ఆ తర్వాత గొంతు చిరిగేలా రెమీ పేరెత్తుకున్నాడు.

"మింగేశావేంట్రా?" డెమెట్రి లేచాడు.

"నా గొడవ కియాన్‌తో అన్నా. వాడు బతికున్నాడు, బదులు చెప్తాడు. పోయినోడేం చెప్తాడు?"

"వాడు రెమీని అన్నప్పుడు రెమీ చెప్పాడా బదులు?"

"లేదు. అమ్మ ఆ పాట విని వంటింట్లో కూలబడింది. లేపింది నేనే. ఇంకో అమ్మని అట్లా కూలబెట్టలేను."

డెమెట్రి కోటు తొడుక్కున్నాడు.

"పదరా. అమ్మ చికెన్ వేయించింది, చల్లారిపోద్ది."

ఆ వారంలోనే పాట బయటికొచ్చింది, ఆ ఖాళీతో సహా.

పై మంగళవారం కియాన్ ఊగిపోతూ వచ్చాడు. "నా బూట్లని అంతలేసి మాటలంటాడా! చూపిస్తా వాడికి!"

చూపించాడు కూడా. టవారిస్ నడకనూ, మాటనూ, జుట్టునూ దుమ్ము దులిపేశాడు. ఎప్పుడూ రెమీ పేరెత్తి వెక్కిరించే చోటికి వచ్చి ఆగాడు. నేను వేళ్లమీద లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

కళ్లు చొక్కాచేతికి తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"అన్నా, ఆ చోటు ఊరికే ఖాళీ అనుకుని కత్తిరించేస్తావేమో. ఉండనీ."