జారుడు పలక

స్కేటింగ్ రింకు నేల బీటలు వారిందని, బాగుచేయడానికి రెండు నెలలు మూసేస్తున్నామని గేటుకి కాగితం అంటించారు. ఆ రోజు పిల్ల ఇంటికొచ్చి, భుజాన సంచీ కూడా దించకుండా వంటగది గడపలో కూలబడింది. సరిగ్గా రెండు నెలలకే ఎంపిక. ఎంపికైతే నాలుగేళ్ళు శిక్షణ కేంద్రంలో, అక్కడి హాస్టల్లోనే ఉండాలి.

"జారుడు పలక చేసిపెట్టు పెద్దమ్మా. కోచ్ సార్ చెప్పారు," అంది. "నున్నటి పలక, రెండు చివర్లా అడ్డచెక్కలు. మేజోళ్ళేసుకుని ఈ చెక్కని తన్ని ఆ చెక్క దాకా జారాలి, మళ్ళీ అటునుంచి ఇటు. రింకు లేకపోయినా కాళ్ళు పని మర్చిపోవు. ఎనిమిదడుగులు ఉండాలిట."

"ఎనిమిదడుగులా! నువ్వేమన్నా కొంగవా, అంత సాగడానికి?"

"నువ్వు చెయ్యి. సాగే సంగతి నేను చూసుకుంటా."

పెద్దమ్మ అలమరలు చేసే కార్ఖానాలో ఇరవయ్యారేళ్ళుగా వడ్రంగం చేస్తోంది. అక్కడ ఎవరు కొలిచినా ఆవిడ మళ్ళీ కొలిచేది. ఆవిడ కొలిచాక ఇంకెవరూ టేపు తీసేవాళ్ళు కాదు. రెండు గోడల మధ్య ఆవిడ అలమర దూర్చితే వెంట్రుక పట్టే సందు ఉండేది కాదు.

పిల్ల ఆవిడ చెల్లెలి కూతురు. నాలుగేళ్ళప్పుడు గుడ్డల సంచీతో సహా తెచ్చి దింపి, "వారంలో వచ్చేస్తా అక్కా" అని వెళ్ళిన చెల్లెలు పదకొండేళ్ళయినా రాలేదు. అంతకు ముందు పెద్దమ్మ మొగుడూ అంతే, వేరే ఊళ్ళో పని చూసుకుని వస్తానని గుమ్మం దిగినవాడే. ఆ ఇంట్లోంచి పోయినవాళ్ళెవరూ పోతున్నామని చెప్పి పోలేదు. అందరూ నవ్వుతూ వెళ్ళొస్తామన్నవాళ్ళే. అందుకే పిల్ల హాస్టల్ మాటెత్తి, "సెలవులకి వచ్చేస్తాగా, ఎందుకలా మొహం పెడతావ్?" అన్నప్పుడల్లా ఆవిడ చూపు గుమ్మం మీదకి పోయేది.

కార్ఖానాలో పని అయ్యాక పలక మొదలుపెట్టింది. ఎనిమిదడుగుల ప్లైవుడ్ మీద తెల్లటి మైకా షీటు. రెండింటికీ జిగురు పూసి, వేలికి అంటకుండా అయ్యేవరకూ ఆరనిచ్చి, మధ్యనుంచి అంచులకి గుడ్డతో అదిమింది. అంచులు ఆకురాయితో గీకింది.

"ఏంటక్కా, పదిహేనేళ్ళ పిల్లకి జారుడుబల్లా?" అన్నాడు పాలిష్ అతను. "పన్లో పని ఉయ్యాల కూడా బిగించెయ్. పెళ్ళయ్యాక కూడా ఇల్లు కదలదు."

అందరితోపాటు ఆవిడా నవ్వింది. నవ్వు ఆగాక చేతిలో అడ్డచెక్క మిగిలింది. అరడుగు వెడల్పు. అలాంటివి రెండు.

అలమర కావాలని ఎవరొచ్చినా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న, "బయటి కొలతా, లోపలి కొలతా?" జారే దూరం ఎనిమిది ఉండాలంటే చెక్కలు పలక దాటి బయటికి రావాలి, వాటి కింద ఆసరాగా రెండు ఆనుముక్కలు వెయ్యాలి. ఇది ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఆ చెక్కని పలక మీదే, అంచుకి సరిగ్గా ఆనించి పెట్టింది. కాసేపు దానికేసి చూసింది. చెవి మీది పెన్సిలు తీసి గుర్తులు పెట్టి, బెజ్జాలు వేసి, నాలుగు బోల్టులూ బిగించేసింది. రెండో చివరా అంతే. మధ్యలో మిగిలింది ఏడడుగులు.

పలక ఎనిమిదే, ఇందులో అబద్ధమేముంది అనుకుంది.

పిల్ల ఈ చివరనుంచి ఆ చివరకి టేపు లాగి, "కరెక్టుగా ఎనిమిది!" అని అరిచి ఆవిడ మెడ పట్టుకుని ఊగింది. ఆ ఊపుకి ఆవిడ కళ్ళజోడు కిందపడింది.

ఆ రెండు నెలలూ నడవలో ఒకటే చప్పుడు. సుర్రుమని జారడం, టక్కున తగలడం. మేజోళ్ళు మూడు జతలు చిరిగాయి. ఒక ఆదివారం పిల్ల ఫోన్లో కోచ్‌కి చెప్పడం ఆవిడ చెవిన పడింది. "నిమిషానికి నలభై సార్లు జారుతున్నా సార్! ... ఎనిమిదడుగులే సార్. ... ఒట్టు!"

ఫోను పెట్టేసి గంతులేస్తూ వంటగదిలోకి వచ్చింది. "పెద్ద పిల్లలకే ముప్పై దాటదట పెద్దమ్మా. నన్ను మొదటి జట్టులో పరీక్షిస్తారట!"

ఎనిమిది బోల్టులు విప్పి మళ్ళీ బిగించడం ఒక పూట పని. రేపు చేస్తానని ఆవిడ ప్రతి రోజూ అనుకుంది. రేపు ఎంపిక అన్న రోజు కూడా అనుకుంది.

ఎంపిక రోజున కేంద్రంలో పరీక్షకి వరసగా జారుడు పలకలు పరిచారు. పెద్దమ్మ కటకటాల పక్క బెంచీ మీద కూర్చుంది. విజిల్ ఊదారు. పిల్ల బలంగా తన్నింది, జారింది, రెండో చెక్కకి అడుగు దూరంలో ఆగిపోయింది. కాలు చాపి వెతుక్కుంటూ దాన్ని అందుకుంది. మళ్ళీ తన్నింది, మళ్ళీ ఆగింది. మూడోసారి లేని చెక్కని తన్నబోయి దబ్బున పడింది. పక్క పలకల మీది పిల్లలు కిసుక్కుమన్నారు.

"నలభై అన్నావుగా?" అన్నాడు కోచ్. "రాని పిల్లకి నేర్పుతాను. కోతలు కోసే పిల్ల మాత్రం నాకొద్దు."

"కోతలు కాదు సార్! మాది కూడా ఎనిమిదే. పెద్దమ్మా, నువ్వు చెప్పు, ఎనిమిదేగా?"

అందరూ ఆవిడకేసి తిరిగారు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. "ఎనిమిదే" అంది ఆవిడ.

పిల్ల ఏడుస్తూనే ఫోన్లో తమ పలక ఫోటో వెతికి చూపించింది. కోచ్ ఒక్క చూపు చూసి నిట్టూర్చాడు. "చెక్కలు పలక మీదే బిగించారు కదమ్మా! బయటికి ఎనిమిది, లోపల ఏడే. ఎవడీ పని చేసిన మొద్దు? బయటి కొలతకీ లోపలి కొలతకీ తేడా తెలీనివాడికి ఉలి ఎవరిచ్చారు?"

పిల్లకి రోషం పొడుచుకొచ్చింది. "మొద్దు కాదు సార్, మా పెద్దమ్మ చేసింది! ఇరవయ్యారేళ్ళ నుంచి అలమరలు చేస్తోంది. ఆవిడ కొలత ఎప్పుడూ తప్పదు. ఎవరొచ్చినా ముందు అడిగేదే బయటి కొలతా లోప..."

మాట అక్కడ ఆగిపోయింది. పిల్ల మెల్లిగా తలతిప్పి ఆవిడ మొహంలోకి చూసింది. కళ్ళనీళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"పొరపాటు పడ్డాను సార్," అంది పెద్దమ్మ లేచి నిలబడి. "పెద్దదాన్నయ్యాను. చూపు ఆనలేదు."

కోచ్ నమ్మాడు. నమ్మి, జాలిపడి, రెండు వారాల గడువిచ్చాడు.

ఇంటికి రాగానే ఆవిడ బోల్టులు విప్పింది. ఆనుముక్కలు కోసి, చెక్కల్ని బయటికి జరిపి బిగించింది. పిల్ల రెండో చివర పట్టుకుంది. పట్టుకోమంటే పట్టుకుంది, వదలమంటే వదిలింది. అంతా అయ్యాక తనే టేపు తీసి చెక్కకీ చెక్కకీ మధ్య కొలిచింది. రెండుసార్లు కొలిచింది.

"ఒక్క మాట అడక్కపోయావా పెద్దమ్మా, వెళ్ళొద్దని?" అంది టేపు చుడుతూ.

"అడిగితే ఉండేదానివా?"

"ఏమో. ఏడ్చేదాన్ని. పోట్లాడేదాన్ని. ఉండేదాన్నేమో కూడా."

రెండు వారాల్లో పిల్లకి మడమలు పుళ్ళు పడ్డాయి. నిమిషానికి ముప్పైరెండు దగ్గర నిలిచింది. ఎంపికైంది.

చేరే రోజున కేంద్రం ఆఫీసులో ఒక ఫారం ఇచ్చారు. పిల్ల తన చేత్తోనే నింపి, సంరక్షకురాలి సంతకం కోసం బల్ల మీదుగా ఆవిడ వైపు జరిపింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి ఒక్కో గడీ చదివింది. పేరు, వయసు, ఎత్తు, పాత గాయాలు. సెలవుల్లో ఎవరింటికి వెళతారన్న గడి ముందు గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "హాస్టల్లోనే ఉంటాను."

"ఇక్కడమ్మా, ఈ గీత మీద," అని గుమాస్తా వేలు పెట్టి చూపించాడు.

పిల్ల కిటికీలోంచి రింకుకేసి చూస్తోంది. పెద్దమ్మ కలం తీసుకుని, అక్షరం గీత దాటకుండా సంతకం పెట్టింది.