తాకకుండా చెప్పక్కా

నేను ఒక బెత్తపు చేతికర్రను. నిప్పు సెగ చూపించి, పిడి వంచి, నన్ను గుంటూరులో దయామణి చేతిలో పెట్టారు. ఆమెకు పుట్టుకతోనే కళ్ళలో శుక్లాలు. గడప, మురుగుకాలువ, మెట్టు ఎంత దూరంలో ఉన్నాయో నా కొస తగిలితే చాలు, ఆమెకు తెలిసిపోయేది. కుర్చీలు అల్లే పనికి ఇరవై ఏళ్ళు ఒంటరిగా వెళ్ళివచ్చింది. ఆ నడకంటే ఆమెకు ప్రాణం.

తమ్ముడు ఇమ్మానుయేలు కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాడు. ఏటా ఒకరోజు నన్ను క్లాసుకు తీసుకుపోయేవాడు. పుట్టుగుడ్డికి చూపొస్తే, చేత్తో ఎరిగిన బంతినీ పెట్టెనూ తాకకుండా పోల్చుకోగలడా? దూరం కంటికి దానంతటదే కనబడుతుందా, చెయ్యీ కాలూ కంటికి నేర్పాలా? మూడు వందల ఏళ్ళ కిందట యూరప్ తత్వవేత్తలు దీనిమీద తెగ వాదించుకున్నారట. పిల్లలు రాసుకునేవారు, పరీక్షకు వచ్చేది, అంతటితో సరి.

దయామణికి ఆపరేషన్ చేసి కట్టు విప్పారు. ఇమ్మానుయేలు బల్ల మీద నిమ్మకాయ, సబ్బుబిళ్ళ పెట్టాడు.

"తాకకుండా చెప్పక్కా, నిమ్మకాయేది?"

"ఏమోరా. రెండూ నా కళ్ళకే అంటుకున్నట్టున్నయ్."

పుస్తకాల్లో రాసింది నిజమేనని ఆయన మురిసిపోయాడు. అక్క ఏడుస్తున్నదని కాస్త ఆలస్యంగా గమనించాడు.

"నా కర్ర ఇటియ్యరా" అని ఆమె బతిమాలింది.

"చూపొచ్చాక కర్రెందుకక్కా? తడుముకుంటా పోతే కన్ను ఎప్పుడు నేర్చుకుంటది?"

చెయ్యి నేర్పితేనే కన్ను నేర్చుకుంటుందని ఏళ్ళ తరబడి చెప్పింది ఈయనే. నాకు ఒళ్ళు మండిపోయింది. పైగా నన్ను కాలేజీకి బహూకరించి, అద్దాల బీరువాలో పెట్టించాడు.

మెట్లు ఆమె కంటికి గీతల్లాగే కనబడ్డాయట. రెండుసార్లు దొర్లిపడిందట. పని మానేసిందట. ఇక తట్టుకోలేక నాకోసం రిక్షా ఎక్కి కాలేజీకి వచ్చింది.

"ఎదురుగానే ఉందిగదమ్మా" అన్నాడు అటెండరు సామ్యేలు. "తాళం సారు దగ్గరుంది."

దయామణి అద్దానికి అరచెయ్యి ఆనించింది. మా ఇద్దరి మధ్య జానెడు దూరం లేదు. పిలుద్దామంటే నాకు నోరేది? ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చాలాసేపు చూసింది.

"ఇది నాది కాదు నాయనా. నాది ఇంత సన్నం కాదు. చేతినిండా ఉండేది."

కళ్ళు గట్టిగా మూసుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది.