మంచులో తెచ్చిన రక్తం

మా ల్యాబులో అందరూ నన్ను ‘చాదస్తం’ అని పిలుస్తారు. అమ్మోనియా పరీక్షకు వచ్చిన గొట్టం చుట్టూ ఐసు లేకపోతే నేను దాన్ని ముట్టుకోను మరి. ఆ మధ్యాహ్నం మాత్రం, ఆ చాదస్తం ఒక్కసారి తప్పి ఉంటే ఎంత బాగుండునో అనిపించింది.

రక్తం మా అన్నయ్య కూతురిది. పుట్టి మూడు రోజులు. పొద్దుటి నుంచి పాలు తాగడం లేదు, గిల్లినా కళ్లు తెరవడం లేదు. నేనే పై అంతస్తులోని వార్డుకి వెళ్లి రక్తం ఐసులో పెట్టి తెచ్చాను. మెషిన్ అమ్మోనియా నాలుగు వందల ఇరవై చూపించింది. అంత పసిగుడ్డుకు వంద దాటితేనే మాకు గుండె గుభేలుమంటుంది.

ఒంట్లో ప్రొటీన్లు, పాలల్లోవైనా సరే, అరిగి వాటి నుంచి నత్రజని ఉన్న ముక్క, అంటే అమైనో సమూహం, ఊడినప్పుడు అమ్మోనియా పుడుతుంది. కాలేయం దాన్ని యూరియాగా మార్చి వదిలించుకుంటుంది. ఆ పని జరగకపోతే అది మెదడుకెక్కుతుంది. గొట్టంలో ఉన్న రక్తంలోనూ ఈ ఊడడం ఆగదు. వెచ్చబడితే అంకె ఉత్తినే పెరిగిపోతుంది. అందుకే ఐసు.

ఫోన్లో పిల్లల డాక్టరమ్మ.

“నమూనా నమ్మొచ్చా? అయితే ఇప్పుడే పాలు ఆపి, రక్తం శుద్ధి చెయ్యడం మొదలుపెడతాం. అనుమానముంటే చెప్పండి, మళ్లీ తీయిస్తాను. గంట పడుతుంది.”

ఎదురుగా అన్నయ్య నిలబడ్డాడు. రెండేళ్ల కిందట వాడి మొదటి బిడ్డ పుట్టిన నాలుగో రోజున, ఎందుకో తెలియకుండానే పోయాడు. నేను ఫోను చేత్తో మూశాను.

“ఐసు కరిగింది, ఆ అంకె తప్పు అని చెప్పవే. నీకు దణ్ణం పెడతా.”

“కరగలేదు అన్నయ్యా.”

“దార్లో ఎక్కడో ఆగే ఉంటావు. బాగా గుర్తు తెచ్చుకో!”

“ఆగలేదు.”

“నీ మేనకోడలే! ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుంది?”

నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద కాదు, నా మీద.

“బాబుకి కరిగింది అన్నయ్యా. అప్పుడు రక్తం నా దగ్గరికే వచ్చింది. ఐసంతా నీళ్లయిపోయిందని, పరీక్ష చెయ్యకుండా వెనక్కి పంపేశాను. ఇంకోటి వచ్చేలోపే...”

రెండేళ్లుగా ఇద్దరం ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా బతికాం. అయినా నేనిది చెప్పలేదు. భయపడ్డాను.

ఫోన్ మీద నుంచి చెయ్యి తీశాను.

“నమ్మొచ్చు డాక్టరమ్మా. మొదలుపెట్టండి.”

అన్నయ్య నా మొహం చూడలేదు. వదిన మళ్లీ పాలు పట్టబోయేలోపే ఆపడానికి పైకి పరిగెత్తాడు.