అతిథుల బెంచీ

మా చర్చిలో ఏ ఇంటి బెంచీ ఆ ఇంటిదే. తాతల నాటి నుంచి వీపు పలక మీద ఇంటిపేరు రాసి ఉంటుంది. పరాయివాళ్లు పొరపాటున కూర్చున్నారా, అసలువాళ్లు వచ్చి పక్కన నిలబడి వాళ్లు లేచేదాకా దగ్గుతూనే ఉంటారు. మా బెంచీలో ఒకప్పుడు ఊపిరాడేది కాదు. అత్తామామలు పోయారు, ఆడపడుచులు పెళ్లిళ్లయి వెళ్లారు, చివరికి ఆయనా పోయారు. అంత బెంచీకీ నేనొక్కదాన్నే మిగిలాను.

చర్చి వెనక గది శరణార్థులకి ఇద్దామని సంఘం కూడికలో నోరెత్తింది నేనే. యుద్ధంలో ఇల్లూ వాకిలీ, కట్టుకున్నవాడూ పోయి ఒకామె చిన్న కూతురితో శిబిరంలో ఉందని విన్నాను. పెద్దలు నీళ్లు నమిలారు. వాళ్ల భాష వేరన్నాడొకడు. ఇక్కడివాళ్లకే దిక్కు లేదన్నాడింకొకడు. నాకు ఒళ్లు మండింది.

"పసిబిడ్డ యేసుని చంకనేసుకుని పరాయిదేశం పారిపోయారే, వాళ్లెవరయ్యా? అక్కడెవరూ తలుపు తీయకపోతే ఇవాళ మీరు ఎవరికి ప్రార్థన చేసేవాళ్లు?" అని కడిగిపారేశాను.

"టైలరమ్మతో పెట్టుకోలేం," అని పాస్టరుగారు నవ్వేసి చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు.

ఆమె వచ్చిననాడు సంఘమంతా గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టింది. దుప్పట్లు, గిన్నెలు, స్టవ్వు, పాపకి గౌన్లు, గదిలో కాలు పెట్టే చోటు లేదు. కార్పెంటరైతే ఏకంగా కొత్త బెంచీయే చేశాడు. మా బెంచీలన్నిటికంటే నున్నగా పాలిష్ పట్టించి, 'మన అతిథులకు' అని బంగారు రంగు అక్షరాలు రాయించాడు. తలుపు పక్కన, ఫ్యాను కింద, మంచి చోటు చూసి వేశారు. చూసి నాకూ ముచ్చటేసింది.

ఆదివారాలు గడిచాయి. ఆ బెంచీలో ఆ తల్లీకూతుళ్లు తప్ప ఎవరూ కూర్చోలేదు. కోపమూ కాదు, చిన్నచూపూ కాదు. వాళ్ల బెంచీ వాళ్లది కదా! ముందు బెంచీల్లో జనం ఇరుక్కుని చెమటలు కక్కుతుంటే, ఆమె ఓ చివర పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆరాధన కాగానే అందరూ వందనాలు చెప్పి, బాగున్నావా అని అడిగి, జవాబు వినకుండానే ఇళ్లకి పోయేవాళ్లు.

శిబిరం అధికారి సోమవారం వస్తాడని కబురొచ్చింది. ఇక్కడే ఉంటుందో, తిరిగి శిబిరానికి పోతుందో ఆమె తేల్చి చెప్పాలి.

"ఇంత చేశాం, ఎందుకుండదు?" అన్నాడు కార్పెంటర్.

నాకు మాత్రం గుండెలో పీకుతూనే ఉంది. మధ్యాహ్నాలు పాప నా మిషను పక్కన చేరి గుడ్డముక్కలు ఏరుకునేది. ఆ పిల్ల వెళ్లిపోతే మా ఇంట్లో మళ్లీ మిషను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. వాళ్లు ఉండాలి. నా కోసమైనా ఉండాలి.

ఆ ఆదివారం మా బెంచీ వదిలేసి, నేరుగా వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. చర్చిలో తలలన్నీ ఇటు తిరిగాయి. ఆమె ఉలిక్కిపడి, పాపని చంకనేసుకుని లేచి, గోడవారగా నిలబడింది.

"మీదా? తెలీదు. తప్పు," అంది వచ్చీరాని మా మాటల్లో.

"నాది కాదే తల్లీ! నీ పక్కన కూర్చుందామని వచ్చాను. కూర్చో!"

చెయ్యి పట్టి లాగినా కూర్చోలేదు. ఎవరైనా వస్తే లేవాలన్న సంగతి ఒక్కటే ఇన్నాళ్లూ మేం ఆమెకి నేర్పింది. నేనూ లేచి ఆమె పక్కన నిలబడ్డాను. పాస్టరుగారు కూర్చోమని సైగ చేస్తే చూడనట్టు ఊరుకున్నాను. మోకాళ్లు పీకుతున్నా ఆరాధన అయ్యేదాకా అలాగే ఉన్నాను.

బయట మెట్ల మీద అడిగేశాను. "ఉంటావు కదూ?"

"అందరూ మంచివాళ్లు," అంది. "చాలా ఇచ్చారు."

"మరింకేం?"

"శిబిరంలో ఏమీ లేదు. చాప ఒకటే. అందరం ఆనుకుని కూర్చుంటాం. ఒకరు ఏడిస్తే అందరికీ తెలుస్తుంది."

"ఇక్కడ నేనున్నాగా!"

ఆమె నా మొహంలోకి జాలిగా చూసింది.

"మీరు ఇక్కడివాళ్లే, పెద్దమ్మా. మీ పక్కన కూడా ఎవరూ కూర్చోరు."



సోమవారం శిబిరం జీపు వస్తే వాళ్ల దుప్పట్లు మోసుకెళ్లి ఎక్కించింది నేనే. నన్నూ తీసుకుపొమ్మని అడగాలనిపించింది.