మడతమంచం

మా మేనమామ విమానాల ఇంజనీరు. ఓడ మీద దిగే ఫైటర్ విమానం గీయమంటే గీశాడు. కానీ రెక్కలు మడిచాక ఎంత వెడల్పుండాలో విమానాల్ని డెక్కు మీంచి కిందికి దించే ఓడ లిఫ్టును బట్టి చూడకుండా మా కంపెనీ షెడ్డు తలుపును బట్టి చూశాడు. రోజూ ఆ ఇరుకు తలుపులోంచే విమానాన్ని నెట్టుకుపోయే మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు. ఓడ లిఫ్టు మా తలుపుకన్నా చాలా వెడల్పని తెలిసేసరికి, ఒక్కో మడత సరిపోయే రెక్కలకు రెండేసి మడతలు పెట్టేశాం. బరువు పెరిగింది, వేగం తగ్గింది. అందరూ దాన్ని మడతమంచం అన్నారు.

నౌకాదళం వేరే కంపెనీ విమానాన్ని ఎంచుకుంది. మాది తయారైన ఆ ఒక్కటే మిగిలింది. అప్పట్నుంచి దీన్ని గీసిందెవరని అడిగితే చాలు, మామయ్య నేల చూపులు చూసేవాడు. నేను అదే షెడ్డులో ఫిట్టర్ని. చిన్నప్పుడు నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పిన మనిషి అలా కుంగిపోతుంటే నాకు ఒళ్లు మండేది.

ఓడ మీద దిగే పరీక్షకు అనుమతి ముందే వచ్చింది కాబట్టి, ఒక్కసారి దింపి చూసుకోండి అన్నారు పైవాళ్లు. మామయ్య రానన్నాడు.

"పెళ్లి తప్పిపోయాక ముహూర్తం దేనికే?"

"పెళ్లి కోసం కాదు మామయ్యా. ఓడను తాకకుండానే ఇది తుక్కులోకి పోతే, నువ్వు బతికినంతకాలం దీన్ని తప్పనే అనుకుంటావు. నేను అననివ్వను, పద."

నా నోటికి జడిసి వచ్చాడు.

మా విమానం దిగింది. తోక కింది కొక్కెం డెక్కు మీది తీగను పట్టుకుంది, విమానం ఊగి ఆగింది. మామయ్య ఊపిరి వదలడం నాకు వినిపించింది. మా సంబరం ఇంకా మొదలవనే లేదు, లౌడ్‌స్పీకర్ మోగింది. నౌకాదళం ఎంచుకున్న ఆ వేరే కంపెనీ విమానం కూడా అదే రోజు పరీక్షకొచ్చి పైన తిరుగుతోంది, ఇంధనం గొట్టం పగిలింది, వెంటనే దిగాలి, డెక్కు ఖాళీ చెయ్యమన్నారు. కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు, ఇంధనం అయిపోతున్న విమానమూ అంతే.

మాదాన్ని లిఫ్టులో కిందికి దించాలి. చూస్తే లిఫ్టు మీద విమానాల్ని లాగే ట్రాక్టరు ఒకటి చెడిపోయి కూర్చుంది. పక్కన మిగిలిన చోటు మా షెడ్డు తలుపంతే ఉంది. విమానాన్ని సముద్రంలోకి తోసెయ్యమని ఓడ అధికారి అనబోయాడు. మామయ్య అతని మాట పూర్తి కానివ్వలేదు.

"మడవండి," అన్నాడు మాతో.

ఇక మాకు చెప్పాలా? రోజూ చేసే పనే. నేను రెక్కల్ని బిగించిన పిన్నులు లాగాను, మావాళ్లు రెక్కలు ఎత్తారు, మొదటి మడత, రెండో మడత. ట్రాక్టరును రాసుకోకుండా విమానం లిఫ్టు మీద ఇమిడిపోయింది. నావికులు నోళ్లు తెరిచి చూస్తుండగా లిఫ్టు కిందికి వెళ్లి, విమానాన్ని వదిలి పైకొచ్చింది. ఆ వెనకే రెండో విమానం దిగింది. చక్రాలు ఆగేసరికి దాని ఇంజనూ ఆగిపోయింది.

నాకు గర్వంతో ఏడుపొచ్చింది. పరీక్ష చూడ్డానికొచ్చిన నౌకాదళం ఎంపిక కమిటీ పెద్ద మా దగ్గరికి వచ్చి, నిర్ణయం మాత్రం మారదన్నాడు. మార్చమని మేం అడగలేదన్నాను నేను.

అంతలో ఆ రెండో విమానం పైలట్ హెల్మెట్ తీసి చంకన పెట్టుకుని వచ్చింది. నా ఈడు మనిషే.

"చోటిచ్చిన ఆ విమానం గీసిందెవరండీ?" అని అడిగింది.

నేను నోరు తెరవబోయాను. మామయ్య నా భుజం మీద చెయ్యి వేసి ఆపి, తల పైకెత్తాడు.

"నేనేనమ్మా," అన్నాడు.